తొంబది దినములకని బయలుదేరిన సేన

1861వ సంవత్సరము ఏప్రిల్ 12వ తేదీన, ఇంకను తెల్లవారక మునుపే, నాలుగున్నర గంటల వేళ, అమెరికాలోని దక్షిణ కెరొలైనా రాష్ట్రమున చార్లెస్టన్ రేవు ముఖద్వారమున నున్న సమ్టర్ దుర్గముపై ఫిరంగులు మ్రోగినవి. దుర్గమును కాచుచున్న మేజర్ రాబర్ట్ ఆండర్సన్ ఒకప్పుడు వెస్ట్‌పాయింట్ సైనిక విద్యాలయమున ఫిరంగి విద్య నేర్పిన గురువు. ఒడ్డున నిలిచి దానిని కొట్టించుచున్న దక్షిణపక్షపు సేనాని బోరెగార్డ్, ఆయనవద్ద ఆ విద్యనే అభ్యసించిన శిష్యుడు. ద్రోణార్జునుల కథ ఎరిగినవారికి ఈ ఘట్టము క్రొత్తగా తోచదు. 34 గంటలపాటు గుండ్లు కురిసినను ఆ పోరున ఉభయపక్షములందును ఒక్క సైనికుడును చావలేదు. లొంగిపోయిన పిదప, తమ పతాకమునకు వందనముగా దుర్గరక్షకులు ఫిరంగులు కాల్చుచుండగా మందు ప్రేలి ఒక సైనికుడు మరణించెను. నాలుగేండ్లలో ఆరు లక్షలకు పైగా మనుష్యులను మ్రింగిన అంతర్యుద్ధమునకు ఇది నాంది.

యుద్ధకారణమును గూర్చి నేటికిని వాదములు చేయువారు కలరు. దక్షిణాదివారు రాష్ట్రముల హక్కులకై పోరాడిరని కొందరందురు. కాని మిసిసిపీ రాష్ట్రము సమాఖ్యను వీడునప్పుడు ప్రకటించిన కారణపత్రమును చదివినవారికి సందేహముండదు: తమ స్థితిగతులన్నియు బానిస వ్యవస్థతో ముడివడియున్నవని వారే మొదటి వాక్యములలో ఒప్పుకొనియున్నారు. అప్పటికి ఆ దేశమున బానిసలు సుమారు 40 లక్షలు. ప్రత్తి తోటలు వారి చెమటతోనే పండుచుండెను. బానిసత్వము క్రొత్త ప్రాంతములకు వ్యాపింపరాదను పక్షమునకు నాయకుడైన అబ్రహాం లింకన్ 1860 నవంబరులో అధ్యక్షుడుగా ఎన్నికైనంతనే, దక్షిణ కెరొలైనా డిసెంబరు 20న సమాఖ్యను వీడెను. అతడు పదవి స్వీకరించు లోపలనే మరి ఆరు రాష్ట్రములు దాని వెంట నడచి, జెఫర్‌సన్ డేవిస్‌ను తమ అధ్యక్షునిగా నిలుపుకొనెను.

సమ్టర్ పతనము విని లింకన్ 75,000 మంది స్వచ్ఛందసైనికులను పిలిచెను. గడువు మూడు మాసములు మాత్రమే! ఈ పిలుపుతో వర్జీనియా మొదలగు నాలుగు రాష్ట్రములు కూడ దక్షిణపక్షమున చేరెను. ఊరూర బాజాలు మ్రోగెను, యువకులు పెండ్లికి తరలినట్లు తరలిరి; కోతలనాటికి ఇల్లు చేరుదుమని ఇరుపక్షములవారును తలచిరి. జులై 21న వాషింగ్టన్ సమీపమున బుల్‌రన్ ఏటియొడ్డున తొలి మహాసంగ్రామము జరుగునాడు, రాజధానిలోని గొప్పవారు కొందరు గుఱ్ఱపు బండ్లపై భోజనపు బుట్టలతో వేడుక చూడవచ్చిరి. సాయంకాలమునకు ఉత్తరసేన వెన్నిచ్చి పాఱగా, ఆ బండ్లును ఫిరంగులును ఒకే దారిలో చిక్కుకొనెను. పోరు జరుగుచున్న ఆ ఉదయమే, గడువు తీరినదని చెప్పి ఇంటిదారి పట్టిన దళమొకటి కలదు. అటుపిమ్మట సైనికులను ఎక్కువగా మూడేండ్లకే చేర్చుకొనిరి.

ఈ సైనికులు ఎవరు? అత్యధికులు సేద్యగాండ్రు, తమ జిల్లా దాటి ఎరుగని పల్లెటూరి పిల్లలు. ఉత్తరసేనలో సామాన్య సిపాయికి నెలకు 13 డాలర్లు జీతము. యుద్ధమనగా నిత్యము తుపాకుల మ్రోత యని భ్రమించి చేరినవారికి మొదట ఎదురైనది కవాతు, పిదప మఱియు కవాతు. ఆహారము ఉప్పుపంది మాంసము, కాఫీ, ‘హార్డ్‌టాక్’ అను గట్టి రొట్టెబిళ్ళ. పిండి, నీరు తప్ప మఱేమియు కలుపక కాల్చిన ఆ బిళ్ళ పండ్లకు లొంగదు. వేడి కాఫీలో ముంచి మెత్తబరచినచో పురుగులు పైకి తేలును. వానిని తొలగించి త్రాగుట యనునది అలవాటైపోయెను. ఆ బిళ్ళకు సైనికులు ‘పురుగుల కోట’ యని ముద్దుపేరు పెట్టిరి.

కాఫీ యన్న ఉత్తరసిపాయికి ప్రాణము. దక్షిణాదివారికి మాత్రము రేవుల దిగ్బంధనముచే అది దొరకక, మొక్కజొన్నలను మాడ్చి కాచుకొని త్రాగవలసివచ్చెను. వారియొద్ద పొగాకు సమృద్ధి. ఇక జరిగినది విచిత్రమే కాని అసహజము కాదు. 1862 నాటి శీతకాలమున ఫ్రెడెరిక్స్‌బర్గ్ చెంత రాపహానక్ నది కిరువైపుల నున్న కావలిసిపాయిలు, చిన్న పలకపై గుడ్డ తెరచాప కట్టి, కాఫీ నొక యొడ్డునుండి, పొగాకు నింకొక యొడ్డునుండి నీటిమీద పంపుకొనిరి. ఈ వర్తకమును అధికారులు నిషేధించిరి. నది మాత్రము నిషేధింపలేదు.

మృత్యువు తుపాకిరూపమున కంటె రోగరూపమున ఎక్కువగా వచ్చెను. మరణించిన వారిలో దాదాపు మూడింట రెండువంతులు విరేచనములు, సన్నిపాతజ్వరము, తట్టమ్మ, న్యుమోనియాల వాతబడినవారే. పల్లెలో బాల్యమున తట్టమ్మ సోకని యువకులు వేలకొలది ఒక్కచోట గుమిగూడగా, అది పంటలో నిప్పువలె ప్రాకెను. సూక్ష్మక్రిముల సంగతి వైద్యలోకమునకు ఇంకను స్పష్టముగా తెలియదు. శస్త్రవైద్యుడు ఒకని కాలు కోసిన కత్తిని అట్లే మఱియొకనిపై ప్రయోగించెడివాడు. మెత్తని సీసముతో చేసిన ‘మినీ’ గుండు ఎముకను తునాతునుకలు చేయుటచే అవయవచ్ఛేదనము తప్ప మార్గము కనరాకుండెను. క్లోరోఫారం మాత్రము లభ్యమగుట వారి భాగ్యము.

1863 మొదలుకొని నల్లజాతివారు సుమారు 1,80,000 మంది ఉత్తరసేనలో చేరిరి. వారికి 10 డాలర్ల జీతము నిర్ణయించి, దానినుండి 3 డాలర్లు దుస్తులకని కోసివేసిరి. మాసచూసెట్స్ 54వ దళమువారు ఆ తక్కువ జీతమును ముట్టమని నెలల తరబడి ఉచితముగా పోరాడిరి. 1864 జూన్‌లో సమానవేతనశాసనము వచ్చినది. ఇటు ఉత్తరమున 300 డాలర్లు కట్టినవాడు నిర్బంధసైన్యమునుండి తప్పించుకొనవచ్చును, అటు దక్షిణమున ఇరువదిమంది బానిసలుగల తోటకు ఒక తెల్లవాని మినహాయింపు. ‘ధనికుల యుద్ధము, దరిద్రుల పోరు’ అని సిపాయిలు గొణుగుకొనుటలో వింతలేదు.

ఈ యుద్ధపు గాలి మన తీరమునకును సోకకపోలేదు. అమెరికా ప్రత్తి ఆగిపోగా లాంకషైర్ మిల్లులు భారతదేశమువైపు చూచెను. కాకినాడ రేవునుండి ప్రత్తి ఎగుమతి హెచ్చినది. శాంతి కలిగినంతనే ధరలు కూలెను.

1865 ఏప్రిల్ 9న అప్పోమాటాక్స్‌లో దక్షిణసేనాని లీ, ఉత్తరసేనాని గ్రాంట్‌కు లొంగెను. ఆకలితో నున్న శత్రుసేనకు గ్రాంట్ 25,000 మంది భోజనసామగ్రి పంపెను. సొంతగుఱ్ఱములు గలవారు వానిని దుక్కికై తోలుకొనిపోవచ్చునని అనుమతించెను. ఇక పోరాడమని మాట యిచ్చినవారికి ఒక్కొక్కరికి విడుదలచీటి నీయవలెను. వ్రాయుట సాధ్యముకాక, అచ్చుయంత్రము తెప్పించి సుమారు 28,000 చీట్లు అక్కడికక్కడే ముద్రించిరి.