నజరేతు కొట్టానికి చిన్న పనిముట్లు

డిసెంబరు నెల దగ్గరపడితే మన మందిరాలలో పశువుల పాక సిద్ధమవుతుంది. గడ్డి, తొట్టి, గొర్రెలు, జ్ఞానులు అన్నీ ఉంటాయి. అయితే దాదాపు ముప్పది ఏండ్లు వచ్చేవరకు (లూకా 3:23) ప్రభువు పెరిగి పనిచేసిన చోటును ఎవరూ కట్టరు. ఈ ఏడు సండే స్కూలు పిల్లలచేత వడ్లవాని కొట్టం కట్టించండి. కొట్టానికేమి, నాలుగు సరుగుడు పుల్లలు, కాస్త బంకమట్టి చాలు. కష్టమంతా పనిముట్లలోనే ఉంది. అవి బజారులో దొరకవు గనుక మనమే చేసుకోవాలి.

బొమ్మ కార్లకు మెకానిక్ షెడ్డు కట్టి, అందులో పానాలు, జాకీలు, వైసు సైతం సొంతంగా చేసి అమర్చే అభిరుచి విదేశాలలో చాలామందికి ఉంది. వారు ఎక్కువగా 24వ వంతు కొలత వాడతారు. అంటే అడుగు పొడవు అర అంగుళమవుతుంది. పిల్లల చేతులకు 12వ వంతు మేలని మా అభిప్రాయం. అడుగుకు అంగుళం, లెక్క సుళువు. అయిదున్నర అడుగుల మనిషి అయిదున్నర అంగుళాలుంటాడు. బాడిస పిడి రెండడుగులైతే ఇక్కడ రెండంగుళాలు. కొలత కుదరకపోతే ఎంత నగిషీ చేసినా ఫలితముండదు.

ఉలికి సైకిలు స్పోకు తీసుకోండి. దాని మందం సుమారు 2 మిల్లీమీటర్లు, అనగా మన కొలతలో దాదాపు అంగుళం ఉలి. ఒక కొనను ఎర్రగా కాల్చి, సుత్తితో అణచి, ఆకురాయితో పదును తీసి, ముప్పావు అంగుళానికి కత్తిరించి వెదురు పిడి తొడగాలి. మేకులకు గుండుసూదులను పావు అంగుళానికి తుంచితే సరి. కొడతికి సరుగుడు కొమ్మ ముక్క, దానికి కొబ్బరి ఈనె పిడి. పిడులను టీ డికాషనులో నానబెట్టితే చేతులు పడి నలుపెక్కిన రంగు వస్తుంది.

రంపం దగ్గరే చాలామంది విసిగిపోతారు. రేకు ముక్కకు పళ్ళు కోయబోతే అవి పళ్ళలా ఉండవు. మెకానిక్ షెడ్డులో విరిగిన హాక్సా బ్లేడు అడగండి, ఊరికే ఇస్తారు. అంగుళానికి 24 పళ్ళున్న బ్లేడు మన కొలతలో అంగుళానికి రెండు పళ్ళ దుంగలు కోసే రంపమవుతుంది. వెడల్పును మాత్రం సానరాయి మీద అరగదీయాలి. బ్లేడు పెళుసుగా ఉంటుంది గనుక గుడ్డ చుట్టి పెద్దవారే తుంచాలి, పిల్లలకు ఇవ్వవద్దు.

కొట్టంలో వైసు గాని స్క్రూ మేకులు గాని పెట్టకండి, అవి చాలా తరువాతి కాలపువి. చిత్రిక పెట్టవచ్చు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన పొంపేయిలో అది దొరికింది. బైబిలులో కొలనూలు, చిత్రిక వంటివి ఒకేచోట కనబడేది యెషయా 44:13లో. తమాషా ఏమంటే, అది విగ్రహాలు చెక్కేవారిని ఎగతాళి చేసే అధ్యాయం!

మరి ఆ కొట్టంలో ఏమి తయారవుతున్నట్టు చూపాలి? యేసు నాగళ్ళు, కాడులు చేశాడని రెండవ శతాబ్దపు హతసాక్షి యుస్తీను రాశాడు. మార్కు 6:3లో వడ్లవాడని మన బైబిలు చెప్పిన చోట గ్రీకులో ఉన్న మాట ఇల్లు కట్టేవానికీ వర్తిస్తుంది. గనుక ఒక ద్వారబంధాన్నీ గోడకు ఆనించండి. కాడి మాత్రం శ్రద్ధగా చేయించాలి. రైతుబిడ్డ దానిని చూడగానే ఎద్దు మెడకు ఒరుసుకుంటుందో లేదో చెప్పేస్తాడు. కాడిని గూర్చి ప్రభువు పలికిన మాట (మత్తయి 11:30) అప్పుడు పిల్లలకు వేరే వివరించనక్కరలేదు.

మైపాడు, తూపిలిపాళెం వంటి మన తీర గ్రామాలలో ఫైబరు పడవలు వచ్చాక బాడిస చప్పుడు తగ్గిపోయింది. తాత చేతిలో ఆడిన పనిముట్టుకు మనుమడు పేరు చెప్పలేడు. పైగా చదువుకోకపోతే చేతిపనికి పోతావని మన విశ్వాసుల ఇళ్ళలోనే పిల్లలను బెదిరిస్తున్నాము. ఆ మాట విన్న బిడ్డ నజరేతు కొట్టాన్ని ఏమని చూస్తాడు? మీ ఊరి ముసలి వడ్రంగిని, ఆయన ఏ మతస్థుడైనా సరే, పెద్దాయనా రండి అని పిలిచి కూర్చోబెట్టండి. బాడిస వంపు సరిగా ఉందో లేదో, ఉలి ఏ వైపు పదును ఉండాలో ఆయనే పిల్లలకు దిద్దిపెడతాడు.

సముద్రపు గాలికి ఇనుము వారంలోనే చిలుమెక్కుతుంది. పనిముట్లకు దూదితో కొబ్బరినూనె రాసి, పండుగ అయిపోయిన తరువాత మూత గట్టిగా పట్టే పాలడబ్బాలో దాచండి.