ఎర్ర సోఫా మీద ఆఖరి ఫొటో

చేతిలో బిడ్డ ఉంది. కాగితాల ప్రకారం అమ్మానాన్నలయ్యారు. ఇంటికెళ్లడానికి మాత్రం ఇంకా వీల్లేదు! చైనా పిల్లల్ని దత్తత తీసుకున్న అమెరికా దంపతులందరికీ ఎదురైన ఘట్టమిది. బిడ్డను ఏ ప్రావిన్సులో అందుకున్నా, వీసా కోసం దక్షిణాన ఉన్న గ్వాంగ్‌జౌ నగరానికి రావాల్సిందే. అక్కడ దత్తత వీసాలిచ్చే అమెరికా కాన్సులేట్ అదొక్కటే మరి. సుమారు రెండు వారాల ప్రయాణంలో చివరి రోజులు ఆ ఊళ్లోనే గడిచేవి.

హోటల్ నిండా పసివాళ్లే

పెర్ల్ నది ఒడ్డున షామియాన్ అనే చిన్న దీవి. 1983లో తెరిచిన వైట్ స్వాన్ హోటల్ అక్కడే ఉంది. ఒకప్పుడు కాన్సులేట్ దాని పక్కనే ఉండేది. పొద్దున ఫలహారాల వేళ ఏ బల్ల దగ్గర చూసినా అమెరికా దంపతులు, వాళ్ల ఒళ్లో చైనా పాపలు. వీధిలో దుకాణాలవాళ్లు పిల్లల్ని తిప్పే బండ్లు ఊరికే వాడుకోమని ఇచ్చేవారు. ఎటూ పట్టు గౌన్లు కొనడానికి మళ్లీ తమ దగ్గరికే వస్తారని తెలుసు! హోటల్లో ఓ బార్బీ బొమ్మ కూడా ఇచ్చేవారు. బంగారు జుట్టు బార్బీ, చేతుల్లో చైనా పాపాయి.

లాబీలోని ఎర్ర సోఫా మీద ఫొటో దిగడం ఆనవాయితీ. బృందంలోని పిల్లలందర్నీ వరుసగా కూచోబెట్టేవారు. ఒక్కరు ఏడుపు లంకించుకుంటే చాలు, వరుసంతా అందుకునేది.

మిగతాదంతా పనుల హడావుడే. బిడ్డకు వైద్య పరీక్ష, ఆపై కాన్సులేట్‌లో కుడిచెయ్యెత్తి ప్రమాణం. చివరగా సీలు వేసిన కవరు చేతికొచ్చేది. దాన్ని విప్పకూడదు. అమెరికాలో దిగాక ఇమ్మిగ్రేషన్ అధికారికే ఇవ్వాలి. చైనాలోనే దత్తత పూర్తయిన బిడ్డకు ఆ గడ్డ మీద కాలు పెట్టగానే పౌరసత్వం వస్తుంది. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చట్టమిది.

రాత్రయితే..

పగలు ఎలాగో గడిచిపోతుంది. రాత్రి గది తలుపు మూశాక అసలు కథ. కొత్త మొహాలు, కొత్త వాసన, కొత్త మాట. కొందరు పిల్లలు ఇద్దరిలో ఒకరినే అంటిపెట్టుకుని, రెండోవారు ముట్టుకుంటే గుక్కపట్టి ఏడుస్తారు. కొందరు అసలు ఏడవరు. పెద్దలు భయపడాల్సింది వాళ్లను చూసే.

భాష సంగతి సరిహద్దుల్లో ఉన్న మనవాళ్లకు చెప్పాలా? హోసూరులోనో బళ్లారిలోనో బడిలో వేరే భాషైనా, ఇంటికొస్తే తెలుగు వినిపిస్తుంది. ఈ పిల్లలకు ఇల్లే వేరే భాష. చుట్టూ పుట్టిన నేల మాటలు వినపడేది ఆ నాలుగు రోజులే. హోటల్ ఆయమ్మో, దుకాణం అవ్వో పలకరిస్తే ఠక్కున తల తిప్పేవారట.

చైనా దత్తత చట్టం 1992లో అమల్లోకొచ్చింది. ఒకే బిడ్డ నిబంధన, కొడుకే కావాలన్న ఆరాటం కలిసి ఆశ్రమాలను ఆడపిల్లలతో నింపాయి. తర్వాతి మూడు దశాబ్దాల్లో లక్షా అరవై వేల మందికి పైగా విదేశాలకు వెళ్లారు. వారిలో 82 వేల మందికి పైగా చేరింది అమెరికాకే. అందరివీ నిజంగా విడిచిపెట్టిన బిడ్డల కథలేనా అంటే, కాదు. హునాన్‌లో ఆశ్రమాలు పిల్లల్ని కొన్నాయని 2005లో బయటపడింది. 1999లోనూ 2001లోనూ హైదరాబాద్ దత్తత కేంద్రాల చుట్టూ లంబాడా ఆడశిశువుల అమ్మకాలు రచ్చకెక్కడం మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

కాన్సులేట్ 2013లో దూరంగా కొత్త భవనానికి మారింది. 2020 మొదట్లో కోవిడ్ రావడంతో ప్రయాణాలు ఆగాయి. అప్పటికే ఫలానా బిడ్డ మీదేనని ఖరారై, ఫొటో అందుకుని, గది సర్దుకుని, పేరు కూడా పెట్టుకున్న కుటుంబాలు వందల్లో ఉన్నాయి. నాలుగేళ్లకు పైగా ఎదురుచూశారు. దగ్గరి రక్తసంబంధీకుల పిల్లలకు తప్ప విదేశీ దత్తతలు ఇక లేవని 2024 సెప్టెంబరు 5న చైనా ప్రకటించింది. ఫొటోలో మూడేళ్లున్న పాపకు అప్పటికి ఏడేళ్లు దాటాయి.