తెర వెలుగనప్పుడు, స్పీకరు పలుకనప్పుడు

మరమగ్గముపై పేకనూలు తెగినచో మగ్గము ఆగును. అంతమాత్రమున భివండిలోని ఏ కార్మికుడును మగ్గము చెడినదని బెంగపడడు. ముందు నూలు చూచును, కండె చూచును. ఆ తరువాతనే మోటారు సంగతి తలచును. ఇంటిలోని కంప్యూటరు విషయమునను ఈ వరుసనే పాటింపవలసినదని తల్లిదండ్రులకు మా మనవి.

గత సంవత్సరము ఒక విద్యార్థిని తండ్రిగారు మానిటరు పాడైనదని తలచి, దానిని పాత సామానుల దుకాణమున అమ్మివేయబోవుచు మా సలహా అడిగిరి. ఆ బాలిక పదవ తరగతి పరీక్షలు అప్పటికి దగ్గరపడినవి. తెరపై "నో సిగ్నల్" అను మాటలు కనబడుచున్నవని వారు చెప్పిరి. అక్షరములు చూపగలిగిన తెర చెడిన తెర కాదు. దానికి కరెంటు అందుచున్నది, బొమ్మ మాత్రమే అందుట లేదు. వెనుకనున్న తీగ వదులైనది. దానిని బిగింపగానే బొమ్మ వచ్చినది. పైసా ఖర్చు కాలేదు.

కావున ముందుగా మానిటరు మీది చిన్న దీపమును చూడవలెను. అది వెలుగనిచో లోపము కరెంటు దారిలో ఉండవచ్చును. అదే ప్లగ్గులో వేరొక వస్తువును పెట్టి చూడవలెను. దీపము వెలుగుచు తెర నల్లగా నున్నచో కంప్యూటరు నిద్రలో నుండవచ్చును. ఒక మీట నొక్కి చూడవలెను. తరువాత తీగ రెండు కొనలను పరీక్షింపవలెను. పాత వి.జి.ఎ. తీగకు 15 సూదుల చోట్లుండును. ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగులు వేర్వేరు సూదుల ద్వారా వచ్చును. ఎరుపు సూది సరిగా తగులనిచో తెర నీలికలిసిన ఆకుపచ్చగా మారును. అది మానిటరు దోషము కాదు. నల్లని తెరపై టార్చి వేసి చూచినప్పుడు బొమ్మ లీలగా కనబడినచో లోపలి వెలుగు చెడినదని గ్రహించి పనివానిని పిలువవలెను.

స్పీకరు పలుకనిచో శబ్దపు హెచ్చుతగ్గులు మూడు చోట్ల చూడవలెను: స్పీకరు మీది మర, కంప్యూటరు, పాఠము నడచుచున్న ప్రోగ్రాము. తీగ సాధారణముగా ఆకుపచ్చ రంధ్రములో ఉండవలెను. హెచ్.డి.ఎం.ఐ. తీగ కలిపినప్పుడు కంప్యూటరు ఒక్కొక్కసారి శబ్దమును మానిటరునకే పంపును. మానిటరులో స్పీకరు లేనిచో ఏమియు వినబడదు. అప్పుడు కంప్యూటరు శబ్దపు అమరికలలో స్పీకరును ఎన్నుకొనవలెను. సందేహము తీరనిచో అదే స్పీకరును ఫోనునకు కలిపి చూడవలెను. అక్కడ పలికినచో స్పీకరు మంచిదే. ఎడతెగని "హమ్మ్" ధ్వని వినబడినచో స్పీకరు తీగను కరెంటు తీగకు దూరముగా జరిపి, కంప్యూటరును స్పీకరును ఒకే బోర్డునకు కలిపి చూడవలెను.

మన పట్టణమున మరియొక శత్రువు గలదు. మగ్గముల నుండి లేచు దూది నూగు యంత్రముల గాలి రంధ్రములలో చేరి వేడిని బయటకు పోనీయదు. వానకాలమున తేమను పీల్చును. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, పొడి మెత్తని కుంచెతో దానిని నెలకొకసారి దులుపవలెను. తెరపై నీరు చల్లరాదు. కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో తుడువవలెను.

ఇంతవరకు పెద్దలును పిల్లలును కలిసి చేయదగిన పనులు. మానిటరు మూత విప్పుట మాత్రము వలదు. ప్లగ్గు తీసిన తరువాతను లోపల విద్యుత్తు కొంతకాలము నిలిచియుండును; పాత గాజు గొట్టపు మానిటరులో అది వేల వోల్టులుండును. కాలిన వాసన గాని పొగ గాని వచ్చినచో గోడ స్విచ్చిని వెంటనే ఆపి, పనివానికి అప్పగింపవలెను.

ఒకసారి ఒక్క మార్పే చేయుడు. ఏమి చేసితిరో, ఏమి జరిగినదో కాగితముపై వ్రాసియుంచుడు. పనివాడు వచ్చినను ఆ కాగితము మీ కాలమును ధనమును కాపాడును. తెగిన నూలును చీకటిలో సైతము వ్రేళ్లతో పట్టగల మీకు ఇది అసాధ్యమైన విద్య కాదు.