రోలు వెళ్ళిన దారినే రాయి వచ్చింది



ఈ మాటలు మీరు రేడియోలో వింటూండగా పక్కింటావిడ మిక్సీ వేసిందనుకోండి. నా గొంతు వినిపించదు, గరగరమని ఒకటే చప్పుడు వినిపిస్తుంది. మిక్సీ మోత చెవిన పడటం ఒకెత్తు, అది రేడియోలోకి దూరడం ఇంకొకెత్తు. గోడకి అవతలున్న మిక్సీకి, ఇవతలున్న రేడియోకి ఏమిటండీ సంబంధం?

సంబంధం వుంది. మిక్సీ మోటారులో గిర్రున తిరిగే భాగానికి కరెంటు అందించడానికి రెండు చిన్న బొగ్గుముక్కలు దాన్ని ఒరుసుకుంటూ వుంటాయి. ఆ ఒరుసుకునేచోట సన్నసన్నని నిప్పురవ్వలు లేస్తాయి. ఒక్కొక్క రవ్వా ఒక బుల్లి మెరుపు. వానాకాలంలో మెరుపు మెరిస్తే రేడియో ఎలా గరగరలాడుతుందో ఇదీ అంతే. మీడియం వేవ్ మీద ఎక్కువ, ఎఫ్.ఎం. మీద తక్కువ.

మా అమ్మకి ఈ శాస్త్రమేమీ తెలియదు. "మిక్సీ వస్తే పాట పోతుందే" అనేది, అంతే. ఆ మాటలో ఇంకో అర్థం కూడా వుందని నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.

మా పుట్టిల్లు ప్రకాశం జిల్లా చీమకుర్తి. ఒంగోలు నుంచి పొదిలి వెళ్ళే రోడ్డు మీద వుంది. మా దొడ్లో వేపచెట్టు కింద రుబ్బురోలు, దాని పక్కన కారం దంచే రోలు, వంటింట్లో సన్నికల్లు, చావట్లో తిరగలి. నాలుగు పనులకి నాలుగు రాళ్ళు. మిరప పండే రోజులొస్తే కొరివికారం దంచడానికి అమ్మ, పెద్దమ్మ, ఎదురింటి అత్త కలిసేవారు. ఇద్దరు రోకళ్ళు మార్చి మార్చి వేస్తుంటే, మూడో ఆవిడ పండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు చేత్తో లోపలికి తోసేది. రోకలి పడేలోగా చెయ్యి తీసుకోవాలంటే లయ తెలియాలి. అందుకే పాట. దంపుళ్ళ పాటంటే ఉత్త కాలక్షేపం అనుకుంటాం గాని, వేళ్ళు నలక్కుండా కాచింది కూడా ఆ పాటే.

అయితే అవే బంగారు రోజులని నేననను. పండగకి గారెల పిండి రుబ్బాలంటే అమ్మ గంటన్నరసేపు పొత్రం తిప్పేది. తెల్లారి కుడిచెయ్యి పైకెత్తి జడ వేసుకోలేక నా చేత వేయించుకునేది. అదంతా నామీద ముద్దేననుకునేదాన్ని. భుజం నొప్పి అని ఆవిడ చెప్పలేదు, మేమూ అడగలేదు.

1983లో మా ఇంటికి మిక్సీ వచ్చింది. అప్పటికి మన దేశపు మిక్సీకి ఇరవయ్యేళ్ళు నిండాయి. సత్యప్రకాశ్ మాథుర్ అని ఒక ఇంజనీరుగారు. ఆయన భార్య మాధురిగారి విదేశీ మిక్సీ మన వంటింటి రుబ్బుడికి తట్టుకోలేక కాలిపోయిందట. మన పప్పులకీ మసాలాలకీ ఆగే యంత్రం చెయ్యాలని పూనుకుని, 1963లో ఆయన మొదలుపెట్టిన కంపెనీ నుంచే 'సుమీత్' మిక్సీ వచ్చింది. దొరగారి యంత్రం పండ్లరసానికి పుట్టింది, నానబెట్టిన మినప్పప్పుకి కాదు. ఆ తేడా కనిపెట్టింది వంటిల్లే.

మా ఇంట్లో మిక్సీ పచ్చడి మొదటిరోజు నాన్నగారు ఒక ముద్ద తిని, "రోటి పచ్చడి రుచి రాలేదు" అన్నారు. ఆయన అబద్ధమాడలేదండీ. రోట్లో పచ్చడిబండ కింద గోంగూర నలుగుతుంది. మిక్సీలో బ్లేడు కింద తెగుతుంది. నలగడం వేరు, తెగడం వేరు. పైగా మిక్సీ బ్లేడు నిమిషానికి 18, 20 వేల చుట్లు తిరుగుతుంది. ఆ వేగానికి వేడి పుడుతుంది. ఇడ్లీపిండి పొంగు తగ్గేదీ, పచ్చడి కమ్మదనం చెడేదీ అందువల్లనే. కోయంబత్తూరువాళ్ళ గ్రైండరుకి ఈ లోటు లేదు, వాళ్ళు రాళ్ళనే మోటారుకి కట్టారు. అది నింపాదిగా తిరుగుతుంది, పిండి వేడెక్కదు. చూశారా, యంత్రానికి కూడా రాయే దిక్కయింది.

మిక్సీ వున్నవాళ్ళకి రెండు మాటలు. గిన్నె సగానికి మించి నింపకండి. ఆపకుండా తిప్పకండి, నిమిషం తిప్పితే కాసేపు ఊపిరి తీసుకోనివ్వండి. పొగలు కక్కే పదార్థం వేసి మూత బిగించకండి, ఆవిరికి మూత ఎగిరి మొహాన పడుతుంది. నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోతే చెడిపోయిందని కంగారుపడి రిపేరుకి పంపకండి. ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, అడుగున ఎర్రమీట వుందేమో చూసి నొక్కండి. బరువు ఎక్కువైతే మోటారు కాలకుండా దానంతటది ఆగిపోయే ఏర్పాటు అది.

బరువు ఎక్కువైతే ఆగిపోయే మీట మనకెక్కడుందో మాత్రం నేను చెప్పలేను!

ఎందుకంటున్నానంటే, మిక్సీ వచ్చాక అమ్మకి పని తగ్గిందనుకున్నాం. తగ్గింది చెయ్యినొప్పి. పని పెరిగింది. పూర్వం ఇడ్లీ అంటే పండగో, చుట్టాలో. ఇప్పుడు వారానికి మూడురోజులు. పూర్వం పొద్దున చద్దన్నంలో ఆవకాయతో సరిపెట్టుకున్నవాళ్ళం, ఇప్పుడు రెండురకాల చట్నీ లేకపోతే ప్లేటు తోసేస్తున్నాం. "మిక్సీ వుందిగా, ఎంతసేపు?" అన్నమాట ఇంటిల్లిపాదికీ అలవాటైంది. సరిగ్గా మా ఇంటికి మిక్సీ వచ్చిన ఏడాదే, 1983లో, అమెరికాలో రూత్ ష్వార్జ్ కోవన్ అనే చరిత్రకారిణి ఈ సంగతి మీదే ఒక పుస్తకం ప్రచురించారు. పొయ్యిలు, బట్టలుతికే యంత్రాలు వచ్చినా ఇల్లాలి పని ఎందుకు తీరలేదో ఆవిడ చూపించారు. పూర్వం ఆ పనుల్లో మగవాళ్ళూ పిల్లలూ పనివాళ్ళూ తలోచెయ్యి వేసేవారు. యంత్రం వచ్చాక వాళ్ళ చేతులు ఖాళీ అయ్యాయి, ఆవిడ చేతులు మిగిలాయి. పైగా ఇంత శుభ్రంగా, ఇన్ని రకాలుగా వుండాలన్న కొలతా పెరిగింది. చదివితే మా అమ్మ కథే అనిపిస్తుంది. కొరివికారానికి ముగ్గురు కావాలి. మిక్సీకి ఒక్కరు చాలు. ఆ ఒక్కరూ ఎవరో వేరే చెప్పాలా? పాట పోతుందని అమ్మ అన్నది అందుకే.

ఇక అసలు వింత చెబుతాను. ఈమధ్య విజయవాడలో మా వంటింటి గట్టుకి రాయి కొందామని వెళితే, కొట్టు అబ్బాయి నల్లని పలక ఒకటి చూపించి, "బ్లాక్ గెలాక్సీ మేడమ్, ఫారిన్ వెళ్ళే సరుకు" అన్నాడు. నల్లని ఆకాశంలో చుక్కలు చల్లినట్టు వుంది. ఎక్కడిదయ్యా అంటే, "చీమకుర్తి" అన్నాడు! మా ఊరి రాయిని మా ఊరి ఆడపడుచుకే ఫారిన్ సరుకని అమ్ముతున్నాడు.

నిజానికి ఈ చుక్కలరాయి దొరికేది మా చీమకుర్తి చుట్టుపక్కలే. 1980ల నుంచి క్వారీలు పెరిగి, ఎన్నో దేశాల వంటిళ్ళకి వెళ్ళింది. ఆ మెరిసే చుక్కలు బంగారమూ కాదు, అభ్రకమూ కాదు. బ్రాంజైట్ అనే ఖనిజం. ఇనుము, మెగ్నీషియం కలిసినది. వందకోట్ల ఏళ్ళకి పూర్వమే భూమి లోపల కరిగిన రాయి మెల్లగా చల్లారుతూ ఆ పలుకులు కట్టింది. బజార్లో గ్రానైట్ అంటారు గాని, శాస్త్రజ్ఞులు దాన్ని గాబ్రో జాతి రాయి అంటారు. మనకి కావలసిన సంగతి ఒకటుంది. పాలరాతి గట్టు మీద చింతపండు పులుసో నిమ్మరసమో పడితే పులుపు రాతిని తినేసి మచ్చ పడుతుంది. పాలరాయిలో సున్నం గుణం వుంది కనక. ఈ నల్లరాయికి ఆ భయం లేదు. మన పులుపుల వంటింటికి ఇదే మేలు.

అలా దొడ్డిదారిన వెళ్ళిపోయిన రాయి వీధిగుమ్మంలోంచి మళ్ళీ వచ్చింది. కాకపోతే ఇప్పుడు దాని మీద మిక్సీ కూర్చుంది. మా పాత రుబ్బురోట్లో పిచ్చికలకి నీళ్ళు పోస్తున్నారు. సన్నికల్లు మాత్రం పెళ్ళికూతురు తొక్కడానికి కావాలని, ఎవరింట పెళ్ళయినా మా ఇంటికే వచ్చి పట్టుకెళతారు.

నాన్నగారి పచ్చడి సంగతి మధ్యలో వదిలేశాను కదూ. ఆయన ఆ మాట వారంరోజులు అన్నారు. ఎనిమిదోరోజు అమ్మ వేయించిన మిరపకాయలూ, ఉడికించిన గోంగూరా తెచ్చి రోలు పక్కన పెట్టి, పీట వేసి, "రుచి తెలిసినవారు మీరే కదా, రండి" అంది. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. నాన్నగారు నవ్వుతూనే కూర్చున్నారు. పావుగంటకి చెయ్యి మార్చారు. ఇంకో పావుగంటకి భుజం పట్టుకున్నారు. అన్నంలోకి వచ్చిన ఆ పచ్చడిని మేమందరం మెచ్చుకున్నాం. ఆయన మాత్రం ఏమీ అనకుండా తిని, "నీకు రోజూ ఇలాగే నొప్పి పుట్టేదా?" అని అడిగారు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న అదే మొదటిసారి. ఆ తరవాత మిక్సీ పచ్చడికి వంక పెట్టలేదు. ఆదివారం ఇడ్లీపిండి తనే మిక్సీలో వేసేవారు.

కనక సోదరీమణులారా, కొత్త యంత్రం కొనేముందు వారంటీ ఎన్నేళ్ళని తప్పక అడగండి. దానితోపాటు, దాని మీట నొక్కేది ఎవరని కూడా ఇంట్లో ఒకమాట అడిగి చూడండి. ఆ మీటకి ఆడవేలని, మగవేలని తేడా తెలియదు.

సెలవు.