గాలి లెక్క చెప్పే సూది

పందొమ్మిదో శతాబ్దం సగానికొచ్చేసరికి ఆవిరి యంత్రాల బాయిలర్లు పేలి మనుషులు చచ్చిపోవడం యూరప్‌లో తరచూ వినే వార్త. లోపల ఒత్తిడి ఎంతుందో తెలుసుకోవడానికి ఎక్కువగా పాదరసం నింపిన గొట్టాన్నే నమ్ముకునేవాళ్లు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సరితూగాలంటే 76 సెంటీమీటర్ల పాదరసం నిలబడాలి. దానికి ఏడు రెట్లు కొలవాలంటే ఐదు మీటర్లు దాటిన గొట్టం కావాలి. అంత పొడవు గొట్టాన్ని కదిలే రైలింజను మీద ఎక్కడ పెడతారు?

పారిస్‌లో యూజీన్ బోర్డన్ అనే ఇంజనీరు ఒక ఆవిరి యంత్రం కోసం లోహపు గొట్టాన్ని చుట్టలా వంచుతుండగా అది నొక్కుకుపోయింది. దాన్ని మళ్లీ గుండ్రంగా చేద్దామని ఒక కొస మూసేసి, రెండో కొస నుంచి పంపుతో నీళ్లు ఎక్కించాడు. నొక్కు లేస్తున్నకొద్దీ చుట్ట కూడా విప్పుకోసాగింది, జాతరలో పిల్లలు ఊదితే సాగే కాగితపు పీకలాగా. ఇంకొకరైతే గొట్టం పాడైందని విసుక్కుని ఇంకోటి తెచ్చుకునేవాళ్లు. బోర్డన్ మాత్రం ఆ కదలికలో ఒక కొలమానాన్ని చూశాడు. 1849లో దానికి పేటెంటు తీసుకున్నాడు.

ఈ రోజు పంక్చర్ షాపులో కనిపించే గుండ్రటి గేజీని విప్పి చూస్తే చాలావాటిలో అదే గొట్టం ఉంటుంది. కొడవలిలా వంగిన ఇత్తడి లేదా కంచు గొట్టం. అడ్డంగా కోస్తే గుండ్రంగా కాదు, కోలగా ఉంటుంది. గాలి లోపలికి రాగానే ఆ కోల గుండ్రం కావాలని చూస్తుంది, దాంతో వంపు కాస్త విచ్చుకుంటుంది. కొస కదిలేది కొన్ని మిల్లీమీటర్లే. ఒక చిన్న పళ్లచక్రం ఆ కాస్త కదలికనే పెంచి సూదిని డయల్ అంతా తిప్పుతుంది. వెంట్రుకంత సన్నని స్ప్రింగు పళ్ల మధ్య వదులు లేకుండా పట్టి ఉంచుతుంది. ఇందులో బ్యాటరీ లేదు, కరెంటు లేదు. 170 ఏళ్లు దాటినా సూత్రం మారలేదు. నాకు ఈ పరికరమంటే ఉన్న గౌరవమంతా ఇక్కడే ఉంది.

గాలి టైరు కథ వేరే దారిలో నడిచింది. 1845లో స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ దానికి పేటెంటు తీసుకున్నా అది నిలదొక్కుకోలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ మళ్లీ కనిపెట్టాకే సైకిళ్లకెక్కింది. న్యూయార్క్‌లో ష్రేడర్ కుటుంబం చేసిన వాల్వుకు 1893లో పేటెంటు దక్కింది. మధ్యలో పిన్ను నొక్కితే గాలి వచ్చే ఆ వాల్వే ఇప్పటికీ మన కారుకీ మోటారు సైకిలుకీ ట్రాక్టరుకీ ఉంది.

ట్రాక్టరు మాత్రం చాలాకాలం ఇనుప చక్రాల మీదే నడిచింది. నేలలో దిగబడే ఇనుప పళ్లతో డ్రైవరు ఒళ్లు హూనమయ్యేది, రోడ్లు చెడిపోయేవి. వరి మడి దమ్ము చేసి ఇనుప కేజ్ వీల్స్‌తోనే తారు రోడ్డెక్కితే ఏమవుతుందో మన పల్లెల్లో అందరికీ తెలుసు. 1930ల మొదట్లో ఒహాయోలోని తన పొలంలో టైర్ల కంపెనీ యజమాని హార్వీ ఫైర్‌స్టోన్ ట్రాక్టరుకు గాలి టైర్లు వేయించి ప్రయోగాలు చేశాడు. అలిస్-చామర్స్ కంపెనీ విమానం టైర్లు తొడిగి చూసి, 1932లో మోడల్ యూ ట్రాక్టరును గాలి టైర్లతో అమ్మకానికి తెచ్చింది. రబ్బరు నేలను పట్టుకోదేమోనని రైతులు సందేహించారు. ఆ జంకు పోగొట్టడానికి కంపెనీ కార్ల పందేల వీరుడు బార్నీ ఓల్డ్‌ఫీల్డ్‌ని ట్రాక్టరు ఎక్కించింది. 1933లో అతను దాన్ని గంటకు 60 మైళ్లకు పైగా పరుగెత్తించాడు.

కానీ పొలంలో గెలిచింది వేగం కాదు, తక్కువ గాలి. లారీ టైరులో 100 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా గాలి ఉంటుంది. ట్రాక్టరు వెనక టైరుకు దుక్కిలో 12, 14 చాలు. టైరు గోడల బిగువును పక్కనపెడితే లెక్క తేలిక. 600 కిలోలు మోస్తున్న టైరులో 12 పీఎస్ఐ ఉంటే అది సుమారు 700 చదరపు సెంటీమీటర్ల మేర నేలకు ఆనుతుంది. 24 కొట్టిస్తే అందులో సగమే. ఆనే చోటు తగ్గితే చక్రం ఊరికే తిరుగుతుంది, డీజిలు వృథా అవుతుంది, పై మట్టి గట్టిపడి వేరు దిగడం కష్టమవుతుంది. మరీ తగ్గించినా ముప్పే. గోడలు మడతపడి పగుళ్లిస్తాయి, రిమ్ము టైరులోపల జారి ట్యూబు వాల్వు తెగుతుంది. ట్రాలీ లాగేటప్పుడు గాలి పెంచాలి, మడిలోకి దిగేటప్పుడు తగ్గించాలి. ఎంతన్నది ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. బూటుతో తన్ని చూస్తే 12కీ 18కీ తేడా తెలియదు, ఎంత అనుభవమున్నా సరే.

గేజీ దగ్గర చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. పెద్ద డయల్ ఉన్న లారీ గేజీ గట్టిగా ఉంటుందని కొంటారు. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ప్రమాణాల్లో బీ గ్రేడు గేజీకి డయల్ నడిమి సగంలో 2 శాతం, రెండు చివర్లలో 3 శాతం తప్పు చెల్లుతుంది. ఆ శాతం సూది చూపిన అంకె మీద కాదు, మొత్తం కొలత మీద. 160 వరకు ఉన్న గేజీలో 3 శాతమంటే దాదాపు 5 పీఎస్ఐ. అంటే సూది 12 దగ్గర నిలబడితే టైరులో నిజంగా ఉన్నది 7 కావచ్చు, 17 కావచ్చు! అదే 30 వరకు ఉన్న గేజీ అయితే 12 డయల్ నడిమి భాగంలో పడుతుంది, తప్పు 0.6 దాటదు. అందుకే మీకు కావలసిన అంకె డయల్ మధ్యకొచ్చే గేజీ కొనాలి. ముందు టైర్లకు గాలి ఎక్కువ కాబట్టి వాటికి 60 వరకు ఉన్నది వేరే పెట్టుకోవడం మంచిది. రెండూ కలిపినా ఒక టైరు ఖరీదులో చిన్న ముక్కే.

గాలి చూడాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు. 20 డిగ్రీల చలిలో 14 చూపిన టైరు 40 డిగ్రీల ఎండలో 16 చూపుతుంది, ఒక్క బొట్టు గాలి ఎక్కించకపోయినా. వేడిమీద ఎక్కువైందని గాలి తీసేస్తే మర్నాటికి తక్కువవుతుంది.

పట్టు కోసం వెనక టైర్లలో నీళ్లు నింపే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అలాంటి టైరుకు వాల్వు కిందికున్నప్పుడు కొలిస్తే నీటి బరువు కూడా సూదికెక్కుతుంది. మన మామూలు ట్రాక్టరు టైరులో ఆ తేడా 1 పీఎస్ఐ వరకు ఉంటుంది. చక్రం తిప్పి వాల్వు పైకి తెచ్చుకుని కొలవాలి. అప్పుడు కూడా నాలుగు చుక్కలు గేజీలోకి పోతాయి, కాబట్టి నీళ్లు తగిలినా పాడవని రకం తీసుకోవాలి. చలి దేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ ఉప్పు కలుపుతారు. అక్కడైతే కొలిచిన ప్రతిసారీ మంచినీళ్లతో గేజీని కడగకపోతే ఆ ఉప్పు ఇత్తడిని తినేస్తుంది.

డల్లాస్‌లోనో అట్లాంటాలోనో పెద్ద పెరడున్న ఇంట్లో కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రం వాడుతున్న మనవాళ్లకూ ఇదే లెక్క. దాని టైర్లకు కూడా 10 నుంచి 14 పీఎస్ఐయే సాధారణం. ఒక పక్క టైరులో నాలుగు తగ్గితే కత్తులున్న పళ్లెం ఆ పక్కకు వాలుతుంది, గడ్డి మెట్లు మెట్లుగా తెగుతుంది. మనిషి కత్తులకు సానబట్టించి, పళ్లెం విప్పి బిగించి అలసిపోతాడు. కొలవాల్సింది టైరు గాలి.

వాల్వు మూత పోతే వెంటనే కొత్తది బిగించండి. దుమ్ము పిన్ను చుట్టూ చేరితే గాలి సన్నగా కారుతూనే ఉంటుంది. గేజీ వాల్వు మీద పెట్టాక బుసమనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా సరిగ్గా నొక్కి, అప్పుడే అంకె చూడండి. చప్పుడు వస్తుండగా చూసిన అంకె నమ్మదగింది కాదు. గేజీని పనిముట్ల పెట్టెలో సుత్తుల మధ్య పడేయకండి. ఒక్కసారి కిందపడితే లోపలి గొట్టం వంపు మారిపోవచ్చు. టైరు నుంచి తీశాక సూది సున్నాకు రాకపోతే ఆ గేజీ పనైపోయినట్టే. సున్నాకు వచ్చినంత మాత్రాన పై అంకెలు సరైనవని కాదు, అందుకే దుక్కులు మొదలయ్యే ముందు మంచిదని తెలిసిన ఇంకో గేజీతో ఒకే టైరు మీద రెండూ పెట్టి పోల్చి చూసుకోవాలి.