ఫులూస్: ఒక రాగి నాణెం పేరు నడిచిన దారి

గల్ఫ్‌లో నాలుగేళ్లు పనిచేసి పాతబస్తీకి తిరిగొచ్చినవాళ్లని ‘ఫులూస్’ అంటే ఏమిటని అడగండి. డబ్బులంటారు. నాలుగు వందల ఏళ్ల కిందట ఇదే చార్మినార్ దగ్గర అడిగి ఉంటే ఒక రాగి బిళ్ల తీసి చూపించేవారేమో. కుతుబ్‌షాహీలు తమ పేర్లతో వేయించినవి రాగి నాణేలే. వాటి పేరు ఫులూస్. పెద్ద బేరాలకు బంగారు వరహాలు వేరే ఉండేవి.

ఆ పేరు పుట్టింది మాత్రం ఇక్కడ కాదు, బైజాంటియన్ రాజ్యంలో. ఐదో శతాబ్దం చివరికి అక్కడ చిల్లర అంటే ‘నుమ్మస్’ అనే గోరంత రాగి బిళ్ల. ఏం కొనాలన్నా గుప్పెళ్లతో లెక్కపెట్టాలి. ఈ బాధ పడలేక 498లో అనస్తాసియస్ చక్రవర్తి 40 నుమ్మస్‌ల విలువతో ‘ఫోలిస్’ అనే నాణెం తెచ్చాడు. 512లో దాని బరువు రెట్టింపు చేశాడు. వెనకవైపు నిండుగా ఒకే అక్షరం, ‘ఎమ్’. గ్రీకులో అక్షరాలే అంకెలు కూడా. ఆ అక్షరం విలువ 40.

హైదరాబాదీలకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. నిజాం నాణేల మీద 92 అని ఉంటుంది. అది ముహమ్మద్ అనే పేరులోని అక్షరాల మొత్తం: మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. గ్రీకు ‘ఎమ్’ 40, అరబ్బీ మీమ్ కూడా 40! కాకతాళీయం కాదు. రెండు లిపులూ ఒకే పాత లిపి పిల్లలు.

ఏడో శతాబ్దంలో అరబ్బులు సిరియాను గెలిచాక మొదట్లో ఫోలిస్‌కు నకళ్లే వేశారు, ఆ ‘ఎమ్’తో సహా. 690ల్లో ఖలీఫా అబ్దుల్ మలిక్ బొమ్మలు తీసేయించి రాతలు పెట్టించాడు. నాణెం ముఖం మారింది గానీ పేరు పోలేదు. ఫోలిస్ అరబ్బుల నోట ‘ఫల్స్’ అయింది, దాని బహువచనం ఫులూస్. అదే దక్కన్ దాకా వచ్చింది.

ఒక నాణెం పేరు మొత్తం సొమ్ముకే పేరైపోవడం మనకూ తెలిసిన కథే. నిజాం రాజ్యంలో డబ్బు అంటే రెండు పైల రాగి నాణెం. ఆరు డబ్బులైతే అణా. తొంభై ఆరు డబ్బులు పోగైతే గానీ ఒక రూపాయి కాదు.