తాతలు - మనుమలు



మనుమనికి తాతపేరు పెట్టుట మన తెలుగిండ్లలో తరతరముల ఆచారము. పేరు నిలిచినంత సులభముగా పొత్తు నిలువదు. పసితనమున తాతయొడియే చాలును. మనుమడు పెరిగి చదువునకో కొలువునకో హైదరాబాదో అమెరికాయో చేరిన పిమ్మట ఆ పొత్తును ఇరువురును పూనికతో కాపాడుకొనవలయును. అది యెట్లో విచారింతము.

2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము వయస్సు వచ్చిన మనుమని, మనుమరాలిని గూడ సంతానముగనే యెంచినది. స్వంత రాబడితో జీవింపజాలని తాతయు అవ్వయు వారినుండి పోషణ కోరవచ్చును. అయినను చట్టము కూడు పెట్టించగలదుగాని, కూర్చుండి మాటలాడించజాలదు.

మాటలకు మొదట వేళ కుదురవలయును. ఆదివారము ఉదయము మనకు 7 గంటలైనప్పుడు న్యూయార్కులో శనివారము రాత్రి, వేసవియందు 9.30, చలికాలమున 8.30 గంటలు. ఇరువురికిని తీరికయైన ఇట్టి వేళ నొకటి ముందుగా నిర్ణయించుకొన్నచో, ఫోను చేయలేదను నిష్ఠురమునకు తావుండదు.

తరువాత మాటలో సారముండవలయును. “భోజనమైనదా? మందు వేసికొంటివా?” అనుట పలుకరింపు మాత్రమే. పొలము గట్టు ఏ చెట్టుకడ తిరుగును, ఇంటి బావిని ఎవరు త్రవ్వించిరి, గోంగూర పచ్చడి ఏడాది నిలువయుండుటకు ఉప్పెంత పట్టును - ఇట్టివి మనుమలు అడుగవలయును. పెద్దలును వారి కొలువులోని పని యెట్టిదో అడుగవలయును. మొదటిసారి బోధపడనిచో మరల అడుగుట చిన్నతనము కాదు.

ఉపకారము ఒకవైపే సాగినచో మొగమోటము పుట్టును. మనుమరాలు పింఛను, బ్యాంకు లెక్కలు చూచిపెట్టి, ఫోనులో అపరిచితులెవరడిగినను రహస్యసంఖ్య చెప్పరాదని హెచ్చరించును. అవ్వ వంశక్రమము చెప్పుచు ఆమెచేత వ్రాయించును. ఇట్లు ఒకరిపని యొకరికి కావలసియున్నంతకాలము మాటకు కరవుండదు.

పెద్దలకు రెండు మనవులు. కొడుకు మీదనో కోడలి మీదనో గల ఫిర్యాదును మనుమలకు వినిపింపరాదు. తల్లిదండ్రులకును తాతకును నడుమ తీర్పరిగా నిలువవలసిన యువకుడు ఇరుపక్షములకును దూరమగును. పెండ్లి ప్రశ్నను గూడ ప్రతిసారి యెత్తరాదు.

ఆలస్యముగా ఫోను వచ్చినను, “ఇన్నాళ్లకు గుర్తువచ్చితినా?” అనక, “ఏమిరా నాయనా, ఎట్లున్నావు? నీ సంగతులు చెప్పు” అని ఆరంభింపుడు. చెప్పుటకు చనువు చిక్కినవాడు మరల తానే పలుకరించును.